బోరా గాలి, బొర్రా గుహ: ట్రియెస్తేలో రెండు రోజులు

ఇటలీలో పాదువా అనే ఊళ్ళో చదివే మనవాళ్ళని వీకెండ్‌కి ఎక్కడికెళ్ళావని ఎవరినడిగినా వెనిస్ అనే చెబుతారు. అరగంట ప్రయాణం, చవక టికెట్, మరి వెళ్ళక ఏం చేస్తారు. నేనూ ఏడాదిన్నరలో ఏడుసార్లు వెళ్ళాను, అందులో నాలుగుసార్లు ఇండియా నుంచి ఎవరో వచ్చారని. ఎనిమిదోసారి ఇక నా వల్ల కాదనిపించి, ఈసారి వెనిస్‌కి ముందొచ్చే మేస్త్రే స్టేషన్లో దిగి అవతలి వైపు రైలెక్కి లైన్ ఎక్కడ ఆగిపోతుందో అక్కడిదాకా పోదామన్నాను. అక్కడుండే ఊరే ట్రియెస్తే. అది దాటితే స్లొవేనియా.

మా రూమ్మేట్‌ది వైజాగ్. "అక్కడ బోరా అని ఒక గాలి వీస్తుందట, చూద్దాం" అంటే, "బొర్రా చూడ్డానికి ఇటలీ ఎందుకురా, అరకు రైలెక్కితే సరిపోయేది కదా" అన్నాడు. ఈ జోకు రెండు రోజుల్లో కనీసం ఇరవైసార్లు వేశాడు, చివరికి అదే నిజమైంది కూడా, ఆ సంగతి తర్వాత.

ముందు రైలు గురించి ఒక్కమాట. మొన్‌ఫాల్కోనే స్టేషన్ దాటాక పట్టాలు కొండ అంచున సముద్రం పక్కనే పోతాయి, కాబట్టి వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టండి, పగటిపూట వెళ్ళండి. మేము ఫిబ్రవరిలో శుక్రవారం సాయంత్రం బయల్దేరాం, కిటికీలో మా మొహాలు తప్ప ఏమీ కనిపించలేదు.

దిగిన రాత్రే బోరా ఎలా ఉంటుందో తెలిసింది. ఊరి వెనకాల కార్సో అనే రాతి పీఠభూమి ఉంది, దాని అవతల పేరుకున్న చల్లగాలి బరువెక్కి ఒక్కసారిగా కొండ మీంచి సముద్రంలోకి దొర్లుతుంది, మధ్యలో ఊరుంది. గంటకు 100 కిలోమీటర్లు దాటడం ఇక్కడివాళ్ళకి వింతేమీ కాదు, పూర్వం జనం పట్టుకుని నడవడానికి వీధుల్లో తాళ్ళు కట్టేవాళ్ళట. ఆకాశం నిర్మలంగా ఉండి వీస్తే బోరా కియారా, మబ్బూ వానా కలిస్తే బోరా స్కూరా. మాకు దొరికింది మొదటిది, అంటే నక్షత్రాలు చూస్తూ వణకొచ్చన్నమాట.

వణికాం కూడా. రూమ్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాం, రెండు రాత్రులకి ఇద్దరికీ కలిపి 118 యూరోలు, ఫొటోలో కిటికీ నిండా సముద్రం. వెళ్ళి చూస్తే సాన్ జుస్తో కొండ ఎక్కి మళ్ళీ నాలుగో అంతస్తు ఎక్కాలి, లిఫ్ట్ లేదు. అదైనా తర్వాత తెలిసింది, ఎందుకంటే కింద తలుపుకి పంపిన కోడ్ పనిచేయలేదు. ఓనర్‌కి ఫోన్ చేస్తే మెసేజ్ పెట్టమంటాడు, మెసేజ్ పెడితే చూడడు. నలభై నిమిషాలు ఆ గాలిలో సూట్‌కేస్ మీద కూర్చుని దాన్ని ఎగిరిపోకుండా కాపాడాం, చివరికి కుక్కని తిప్పడానికి బయటికొచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి ఏమీ అడక్కుండా తలుపు పట్టుకుని నిలబడింది. హీటర్ మాత్రం బాగా పనిచేసింది, అబద్ధమెందుకు. సముద్రం కూడా కనిపించింది, బాత్రూమ్ కిటికీలోంచి, మునివేళ్ళ మీద నిలబడితే. మీరు వెళితే మాత్రం స్టేషన్‌కీ కాలువకీ మధ్యనున్న బోర్గో తెరెసియానోలో రూమ్ తీసుకోండి. గీత గీసినట్టు తిన్నని వీధులు, ఎక్కడం దిగడం ఉండదు, పది పదిహేను యూరోలు ఎక్కువైనా మోకాళ్ళకి మంచిది. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళయితే ఇక ఆలోచించకండి.

పొద్దున్నే పియాజ్జా ఉనితా, అంటే ఊరి పెద్ద చౌకు. మూడువైపులా ప్యాలెస్‌ల లాంటి భవనాలు, నాలుగోవైపు గోడ లేకుండా సముద్రమే. చూస్తే ఇటలీలా ఉండదు, వియన్నాని తెచ్చి ఒడ్డున పెట్టినట్టుంటుంది. 1382 నుంచి 1918 దాకా ఆస్ట్రియా చేతిలో ఉన్న ఊరు, 1719లో దీన్ని ఫ్రీ పోర్టు, అంటే సుంకం లేని రేవు, చేశాక వర్తకులంతా వచ్చిపడ్డారు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1947 నుంచి 1954 దాకా ఏ దేశానికీ చెందకుండా ఫ్రీ టెరిటరీగా కూడా ఉంది. అందుకేనేమో టూరిస్టులు వచ్చినా రాకపోయినా పట్టనట్టుంటుంది ఈ ఊరికి, ఫ్లోరెన్స్‌లోలా రెస్టారెంట్ ముందు నిలబడి చెయ్యి పట్టుకుని లాగేవాళ్ళు ఒక్కరు కూడా కనబడలేదు. పక్కనే మోలో అవుదాచే అని సముద్రంలోకి పావు కిలోమీటరు దాకా పొడుచుకుపోయిన రాతికట్ట ఉంది. గాలికి ఒరిగి దాని కొసదాకా నడిచి, వెనక్కి వచ్చేటప్పుడు నడవలేక నవ్వుకుంటూ కూర్చుండిపోయాం.

కాఫీ దగ్గర కాస్త ఆగాలి. ఇటలీకి కాఫీ గింజలు దిగే పెద్ద రేవుల్లో ఇదొకటి, ఇల్లీ అనే కాఫీ కంపెనీ పుట్టింది 1933లో ఇక్కడే. అలాంటి ఊళ్ళో కాఫీకి వేరే భాష ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. ఎస్‌ప్రెసోని 'నేరో' అంటారు. 'కాపో' అంటే పైన కాస్త పాల నురగ వేసిన చిన్న కాఫీ, 'కాపో ఇన్ బి' అంటే అదే కాఫీ గాజు గ్లాసులో. నేను పాదువా అలవాటు కొద్దీ కాపుచీనో అడిగితే బొటనవేలంత కప్పు వచ్చింది, మనకి తెలిసిన పెద్ద కాపుచీనో కావాలంటే ఇక్కడ కాఫెలాత్తే అనాలట. ఆ కాపో ఇన్ బి మాత్రం నాకు తెగ నచ్చేసింది: గ్లాసు మన పెళ్ళిళ్ళలో కాఫీ ఇచ్చే గ్లాసులో సగం ఉంటుంది, కింద నలుపు, మధ్యలో గోధుమ, పైన వేలెడు మందం నురగ, మూడు గుక్కల్లో అయిపోతుంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే యూరోన్నర లోపే. కూర్చోవాలనుకుంటే పియాజ్జాలో కాకుండా 1914లో పెట్టిన కఫే సాన్ మార్కోకి వెళ్ళండి, లోపలే పుస్తకాల షాపు, చెస్ ఆడే ముసలాళ్ళు, గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనలేదు.

తర్వాత 6 నంబరు బస్సెక్కి మిరామరే కోట వైపు పోయాం. టికెట్లు పొగాకు షాపులో ముందే కొనుక్కోవడం సుఖం. ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్ 1856లో కట్టడం మొదలుపెట్టించిన తెల్లరాతి కోట, నేరుగా నీళ్ళలోంచి లేచినట్టుంటుంది. ఆయన నౌకాదళం మనిషి, తన గదిని 'నోవారా' అనే ఓడలోని క్యాబిన్‌లాగే తక్కువ ఎత్తు కప్పుతో చేయించుకున్నాడు. ఆ ఓడ 1857లో ఈ రేవు నుంచే ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయల్దేరి 1858లో మన మద్రాసులో కూడా లంగరు వేసింది. చివరికి మాక్సిమిలియన్‌ని మెక్సికోకి చక్రవర్తిగా తీసుకెళ్ళిందీ, 1867లో అక్కడ కాల్చి చంపాక శవాన్ని వెనక్కి తెచ్చిందీ అదే ఓడ. ఈ కథ తెలిస్తే ఆ గది ఒక్కటీ చాలు, మిగతావి బంగారు కుర్చీలూ పరదాలూ, ఇలాంటివి వేరేచోట్ల చూసే ఉంటారు. స్టూడెంట్లకి ఒక హెచ్చరిక: 25 ఏళ్ళ లోపు రాయితీ యూరోపియన్ యూనియన్ పౌరులకే, మన రెసిడెన్స్ పర్మిట్ చూపిస్తే నవ్వి ఫుల్ టికెట్ కొట్టారు. తోట ఫ్రీ. పక్కనే పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ 1964లో పెట్టిన ఫిజిక్స్ కేంద్రం ఐ.సి.టి.పి. ఉంది, మన దేశం నుంచి ఏటా ఎందరో వచ్చి పోయే చోటు, మా బస్సులోనే ఇద్దరు ఏదో సెమినార్ గురించి తమిళంలో కొట్టుకుంటున్నారు.

మధ్యాహ్నం రిసియెరా. వెళ్ళే ముందు నాకు తెలిసింది అదొక నాజీ క్యాంపు అనే. ఆ మాటకి అర్థం రైస్ మిల్లు అని అక్కడికెళ్ళాకే తెలిసింది. మా నాన్న మండపేటలో రైస్ మిల్లు గుమాస్తా. వడ్ల లారీలూ, ఊకపొట్టూ, పొగగొట్టం నీడలో ఆడుకున్న సెలవులూ ఇవే నాకు మిల్లంటే. ఇక్కడ గింజలు ఆరబెట్టే కొలిమినే శవాలు కాల్చే కొలిమిగా మార్చారు, పొగ మిల్లు గొట్టంలోంచే పోయేది. మూడు వేలకి తక్కువ కాకుండా చంపారని అంచనా. పారిపోయే ముందు 1945 ఏప్రిల్ చివర్లో దాన్ని పేల్చేశారు, ఇప్పుడు ఆ కట్టడం ఉన్నంత మేర నేల మీద ఉక్కు రేకు పరిచి ఉంది. గోడకి దాని పైకప్పు ఆనిన గుర్తు అలాగే ఉంది. పక్క గదిలో 17 చిన్న సెల్స్, ఒక్కోదాంట్లో ఆరుగురిదాకా. నేను చేతులు చాపితే రెండు గోడలూ తగిలాయి. ప్రవేశం ఉచితం. బయటికొచ్చి బస్టాప్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు, నాన్నకి ఫోన్ చేద్దామనుకుని మానేశాను.

ఆదివారానికి గాలి తగ్గింది. 1902 నాటి ఒపిచీనా ట్రామ్ ఎక్కాం. 2016లో ప్రమాదం జరిగి ఏళ్ళ తరబడి ఆగిపోయి 2025లో మళ్ళీ మొదలైంది, నిటారు ఎక్కుడు దగ్గర వెనకనుంచి తీగ కట్టిన బండి దాన్ని పైకి తోస్తుంది. ఒబెలిస్కో స్టాప్‌లో దిగి నపోలెయోనికా అనే చదునైన బాట పట్టుకుని ప్రోసెక్కో ఊరి దాకా నడిచాం. ఆ వైన్ పేరు ఈ పల్లెదే. దారంతా ఎడమపక్క కింద సముద్రం, పడవలు. మొత్తం ట్రిప్‌లో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఈ నడకే ఎంచుకుంటా, పైసా ఖర్చు లేదు.

అక్కడినుంచి గ్రోత్తా జిగాంతే. అవును, గుహ. 500 మెట్లు దిగి, 500 మెట్లు ఎక్కాలి, లోపల ఏడాది పొడుగునా 11 డిగ్రీలు. ఒకే ఒక్క గది, ఎత్తు వంద మీటర్ల దగ్గర, చార్మినార్‌ని నిలబెడితే పైన ఇంకా దాదాపు అంత ఖాళీ మిగులుతుంది. రంగు లైట్ల హడావుడి లేదు. పైనుంచి కిందిదాకా రెండు పొడుగాటి గొట్టాలు వేలాడుతుంటాయి, వాటిలో భూమి ఊగిసలాటని కొలిచే లోలకాలు. 2004లో మన తీరాన్ని కొట్టిన సునామీ భూకంపం కూడా వీటికి అందిందట. మావాడు మొదటి వంద మెట్లూ "మా బొర్రాలో అయితే" అంటూ దిగాడు, అడుగుకి చేరాక తలెత్తి చూసి, "సరే, ఇది పెద్దదే, కానీ శివలింగం లేదు" అని కేసు కొట్టేశాడు.

పైకొచ్చేసరికి ఆకలి. దారి మలుపులో ఒక కర్రకి ఐవీ కొమ్మ కట్టి, కింద ఎర్ర బాణం గుర్తు ఉంది. అది ఉంటే దగ్గర్లో ఓస్మిట్సా తెరిచి ఉందని లెక్క. రైతులు తమ పంటని ఇంట్లోనే ఎనిమిది రోజులు అమ్ముకోవచ్చని 1784లో ఆస్ట్రియాని ఏలే చక్రవర్తి ఇచ్చిన అనుమతి నుంచి వచ్చిన అలవాటు, స్లొవేనియన్‌లో ఓసెమ్ అంటే ఎనిమిది. వాకిట్లో చెక్క బల్లలు, మెనూ అంతా పంది మాంసమే, మాలాంటి వాళ్ళకి ఉడకబెట్టిన గుడ్లు, చీజ్, ఊరగాయ దోసకాయలు, రొట్టె. తెరానో అనే ఎర్ర వైన్ ఒక గ్లాసు తీసుకున్నాను, చింతపండు పులుసంత పుల్లగా ఉంది. మావాడు బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీసి గుడ్ల మీద చల్లుతుంటే నేను చూడనట్టు సముద్రం వైపు తిరిగాను. తర్వాత నేనూ వేసుకున్నాను. ఇద్దరికీ కలిపి 14 యూరోలు, కార్డు తీసుకోరు, చిల్లర దగ్గరుంచుకోండి.

సోమవారం పొద్దున పాదువాలో కాలేజీ పక్క కాఫీ బార్‌లో అలవాటుగా "కాపో ఇన్ బి" అన్నాను. ఆ అమ్మాయి రెండుసార్లు "ఏంటి?" అని అడిగి, చివరికి ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చింది.