మిలాన్, పావియా, రావెన్నా: అగస్టీన్ అడుగుజాడల్లో

మిలాన్‌కు వెళ్లే మనవాళ్లు అక్కడి ప్రధాన చర్చి డోమో కప్పు మీదికెక్కి ఫోటోలు దిగి, మర్నాడే వెనిస్ రైలెక్కేస్తారు. డోమో కింద ఏముందో చూసేవాళ్లు తక్కువ. గ్రీకు, రోమన్ తత్త్వాన్ని క్రైస్తవం తుడిచిపెట్టిందా, జీర్ణం చేసుకుందా అన్న పాత తగాదా మీద ఆసక్తి ఉన్నవాళ్లు మొదలుపెట్టాల్సింది అక్కడే.

డోమో లోపలి నుంచి మెట్లు దిగితే నాలుగో శతాబ్దపు బాప్తిస్మ మందిరం పునాదులు, మధ్యలో ఎనిమిది పలకల తొట్టె కనిపిస్తాయి. వారానికి ఏడు రోజులైతే క్రీస్తు పునరుత్థానానిది ఎనిమిదో రోజు, అందుకే ఎనిమిది పలకలు. 387 ఈస్టర్ వేళ బిషప్ అంబ్రోస్ చేతుల మీదుగా క్రైస్తవ తత్త్వవేత్త అగస్టీన్ బాప్తిస్మం పొందింది ఇక్కడే. పైన తోపులాట ఎంతున్నా కింద మాత్రం నిమ్మళంగా చూసుకోవచ్చు. వివరాల పలకలే పొడిపొడిగా ఉన్నాయి. చదువుకుని వెళ్లనివాళ్లకు రాళ్లగుట్టలా తోస్తుంది.

అగస్టీన్ ఆఫ్రికా నుంచి రోమ్ మీదుగా 384లో మిలాన్‌కు వచ్చింది వక్తృత్వం బోధించడానికి. అంబ్రోస్ ప్రసంగాలు వినబోయిందీ మాటల సొగసు కోసమే. ఇక్కడే లాటిన్ అనువాదంలో ప్లేటో సంప్రదాయపు గ్రంథాలు చదివాడు. యోహాను సువార్తలోని 'ఆదియందు వాక్యముండెను' అన్న భావం వాటిలో దొరికిందనీ, 'ఆ వాక్యము శరీరధారియై' అన్నది మాత్రం దొరకలేదనీ తన ఆత్మకథ 'కన్ఫెషన్స్'లో రాసుకున్నాడు. మార్పంతా ఆ తేడాలోనే ఉంది. ప్లేటో బాట పట్టిన ప్లోటినస్ చెప్పిన పరమ ఏకత్వం దగ్గరికి ఆత్మ తనంతట తాను ఎక్కిపోవాలి, అది దిగిరాదు. అగస్టీన్ ఆ నిచ్చెనను పారేయలేదు, దిగివచ్చే దేవుణ్ణి దాని మీద నిలబెట్టాడు. మంచేదో తెలిస్తే మనిషి మంచే చేస్తాడని సోక్రటీస్ వాదన. తెలిసి కూడా మనసు ఎందుకు మొరాయిస్తుందని అగస్టీన్ తన్ను తానే నిలదీసుకున్నాడు. పైగా ఆ పుస్తకమంతా దేవుణ్ణి 'నువ్వు' అని పిలుస్తూ సాగుతుంది. తత్త్వచర్చ ప్రార్థన రూపంలో నడవడం పాత తత్త్వవేత్తలకు వింతగా తోచి ఉంటుంది.

అంబ్రోస్ పేరు మీదున్న సాంత్ అంబ్రోజో చర్చికి మెట్రోలో వెళ్లవచ్చు. ఇప్పుడున్న కట్టడం చాలావరకు తర్వాతి శతాబ్దాలది. నేలమాళిగలో ఇద్దరు అమరవీరుల మధ్య అంబ్రోస్ అస్థిపంజరం బిషప్ దుస్తుల్లో పడుకుని ఉంటుంది, పిల్లలుంటే ముందే చెప్పి తీసుకెళ్లండి. రోమన్ వక్త సిసెరో తన కొడుకు కోసం రాసిన కర్తవ్యాల గ్రంథం చట్రాన్నే తీసుకుని అంబ్రోస్ తన మతగురువుల కోసం ఒకటి రాశాడు. శీర్షికలు సిసెరోవి, ఉదాహరణలకు మాత్రం అబ్రాహాము, దావీదు. బుద్ధి, న్యాయం, ధైర్యం, నిగ్రహం అనే నాలుగు గుణాలు క్రైస్తవ నీతిలో స్థిరపడడంలో ఆయన పాత్ర పెద్దది.

బస సంగతికొస్తే, మిలాన్‌లో ఉండకండి. సెంట్రల్ స్టేషన్ దగ్గర తీసుకున్న గదిలో పెట్టె తెరిస్తే మంచం ఎక్కి నడవాల్సి వచ్చింది. దానికి పావియా అద్దెకు రెట్టింపు, ఆపైన నగర పన్ను వేరు. రైల్లో అరగంట దూరంలో ఉన్న పావియా విశ్వవిద్యాలయపు ఊరు, తిండి చౌక. పాత ఇంట్లో గది దొరికింది, లిఫ్టు లేదు గానీ ఇంటావిడ మర్యాదస్థురాలు. శాకాహారులు ఒక్కటి గుర్తుంచుకోండి: ఊరి పేరు మీదున్న సూప్‌లో రొట్టె, గుడ్డుతోపాటు మాంసపు రసం కూడా ఉంటుంది. కాగితం టికెట్టు కొంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి.

పావియాలో చూడాల్సింది సాన్ పియెత్రో ఇన్ చెల్ దోరో. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి, ప్రవేశం ఉచితం. వేదిక మీద పద్నాలుగో శతాబ్దపు పాలరాతి సమాధిమందిరంలో అగస్టీన్ అవశేషాలు, కింది గదిలో బోయెథియస్ సమాధి. ప్లేటో, అరిస్టాటిల్ మొత్తాన్నీ లాటిన్‌లోకి తేవాలని పూనుకుని, రాజద్రోహ నేరం మోపబడి, 524 ప్రాంతంలో మరణశిక్షకు గురైన రోమన్ ఆయన. శిక్ష కోసం ఎదురుచూస్తూ రాసిన గ్రంథంలో ఆయన్ను ఓదార్చేది తత్త్వం అనే స్త్రీ. క్రీస్తు పేరు ఒక్కసారి కూడా రాదు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న క్రైస్తవ సిద్ధాంతం) మీద వ్యాసాలు రాసిన మనిషి చావు ముందు ప్లేటోను ఆశ్రయించాడా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం వైరుధ్యమేమీ కనిపించలేదు. అప్పటికి ఆ రెండూ ఒకే ఇంటి గదులు. మూడు ఊళ్లలో ఒక్కటే చూడగలిగితే నా ఓటు పావియాకే.

కళ్లకు పండగ మాత్రం రావెన్నా. బొలోన్యాలో రైలు మారాలి. ముఖ్యమైన మొజాయిక్ (రంగుముక్కల చిత్రాల) మందిరాలకు ఉమ్మడి టికెట్టు ఉంది. గాల్లా ప్లాచిడియా సమాధిమందిరం, నియోన్ బాప్తిస్మ మందిరం సమయం ముందే ఎంచుకోవాలి, లోపల కొద్ది నిమిషాలే నిలవనిస్తారు. అక్కడి నీలిరంగుకు ఆ కాస్త సమయం ఏ మూలకూ చాలదు. ఏరియన్ల (కుమారుడైన క్రీస్తు తండ్రితో సమానుడు కాడన్న క్రైస్తవ వర్గం) బాప్తిస్మ మందిరం టికెట్టు వేరు, తప్పక కొనండి. రెండు బాప్తిస్మ మందిరాల గోపురాల్లోనూ క్రీస్తు పక్కన యొర్దాను నది గడ్డపు ముసలివాడిగా కనిపిస్తాడు. రెండో చోట అయితే తల మీద పీత డెక్కలు కూడా! పాత నదీదేవత ఉద్యోగం మారి సాక్షిగా చేరాడన్నమాట. కుమారుడు తండ్రితో సమానుడా కాదా అని 325లో బిషప్పులు కూడిన నీకేయ సభ నుంచి కొట్లాడుకున్న రెండు వర్గాలవీ ఈ మందిరాలు. బొమ్మల్లో మాత్రం ఆ తగాదా పోల్చుకోలేం.

సాన్ వితాలే చర్చి గోడ మీద తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ తల చుట్టూ కాంతివలయంతో నిలబడి ఉన్నాడు. 529లో ఏథెన్స్‌లో తత్త్వబోధనను నిషేధించింది ఈయనే. అంతా సామరస్యంగా జరిగిందని రాసేవాళ్లు ఈ గోడ ముందు కాసేపు నిలబడాలి. బోయెథియస్‌ను చంపించిన గోతు రాజు థియోడరిక్ సమాధి ఊరి అంచున ఉంది. కప్పంతా ఒకే రాయి, లోపల ఖాళీ రాతితొట్టె. నడక ఎక్కువ, నీడ తక్కువ, వేసవిలో బస్సో సైకిలో మేలు. వెల్లుల్లి, ఆవకాయ వెంట తీసుకెళ్లక్కర్లేదు, అక్కడి జున్నుతో వేడి పియాదీనా రొట్టె చాలు. రెండు రాత్రులు రావెన్నాకు, మూడు పావియాకు కేటాయించి, మిలాన్‌ను పావియా నుంచే ఒక పూటలో చూసిరండి.