లాయరు ఉచితం, మెట్లు ఇరవై రెండు

నేను హైదరాబాద్ మౌలాలిలో బ్లౌజులు కుడతాను. ఇప్పటిదాకా ఆన్‌లైన్‌లో నేను రాసిన రివ్యూలు రెండే. ఒకటి లైనింగ్ గుడ్డకి, ఇంకోటి మిషన్ మోటారుకి. ఇది మూడోది. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా దొరికే ఉచిత లాయరు సేవ గురించి. నగరంలో ఏ కోర్టు ఆవరణో రాయను. అక్కడ మంచివాళ్లున్నారు, నా మాటల వల్ల ఎవరికో మెమో రావడం నాకిష్టం లేదు.

రెండేళ్ల వయసులో నాకు పోలియో వచ్చింది. కుడికాలికి కాలిపర్ (కాలు వంగకుండా లాకు వేసి నిలబెట్టే ఇనప పట్టీ), ఎడమ చేతిలో కర్ర, బయటికెళ్తే సైడు చక్రాల స్కూటీ. పోయిన ఏడాది బాత్రూములో జారి ఎడమ మణికట్టు విరిగింది. అంటే కర్ర పట్టుకునే చెయ్యే. ప్లేటు వేశారు. రెండు నెలలు నడకా లేదు, కుట్టూ లేదు. ఆస్పత్రి బిల్లు 68,400 రూపాయలు. ఆరోగ్య బీమా ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: పోలియో సంగతి పాలసీ తీసుకునేటప్పుడు దాచారు కాబట్టి క్లెయిమ్ ఇవ్వం.

ఫోన్ చేసి అడిగాను, "విరిగింది చెయ్యి బాబూ, మీరు కాలు చూపిస్తున్నారేంటి?" అని. "సిస్టమ్‌లో అలానే ఉంది మేడమ్" అన్నాడు. మూడుసార్లు చేశాను. ముగ్గురూ అదే మాట.

మా కస్టమర్ ఒకావిడ టీచరు. ఆవిడే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యమంది. తెలుగులోనే మాట్లాడారు, ఓపిగ్గా విన్నారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే లాయర్ని పెడుతుందట. ఆడవాళ్లకీ అంతేనట. అంటే నాకు రెండు వైపుల నుంచీ అర్హత ఉంది. నలభై ఏడేళ్లు వచ్చేదాకా ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

ఫోన్ దాకా బ్రహ్మాండం. ఆఫీసుకి వెళ్లాక చూడాలి.

ఆఫీసు మొదటి అంతస్తులో. లిఫ్టుకి "రిపేరులో ఉంది" అని కాగితం అంటించి ఉంది. ఆ కాగితం అంచులు పసుపురంగుకి తిరిగాయి, అదెన్నాళ్ల రిపేరో మీరే లెక్కేసుకోండి. మెట్లు ఇరవై రెండు. కాలిపర్ వేసుకున్నవాళ్లకి ఒక్కో మెట్టూ ఒక పనే. మంచి కాలు ముందు పెట్టి, రెయిలింగు పట్టుకుని, బిగుసుకుపోయిన కాలుని పక్కనుంచి తిప్పి పైకి లాగాలి. మలుపు దగ్గర రెయిలింగు లేదు. పైకెళ్లేసరికి జాకెట్టు తడిసిపోయింది. అక్కడున్న క్లర్కు నా సదరం (వైకల్యం) సర్టిఫికెట్టు, ఆధార్ జిరాక్సులు తీసుకుని, "ఆదాయం సర్టిఫికెట్ కూడ తేవాలె అమ్మా, మీసేవల ఇస్తరు" అన్నాడు. అక్కర్లేదట కదా అంటే, "రూల్ అమ్మా" అన్నాడు. కిందికి మళ్లీ ఇరవై రెండు.

తొమ్మిది రోజులకి నాకు కేటాయించిన లాయరమ్మ ఫోన్ చేసింది. చిన్నపిల్ల, ముప్ఫై కూడా ఉండవు. ఆదాయం కాగితం గురించి చెప్తే, "అది మీకు అవసరమే లేదక్కా, నేను మాట్లాడతా, మీరు మళ్లీ మెట్లెక్కకండి" అంది. ఆ ఒక్క మాటకి ఆ పిల్లకి ఐదు స్టార్లు అప్పుడే ఇచ్చేశాను. సంతకాలకి మా షాపుకే వచ్చింది. బీమా తగాదా కాబట్టి పర్మనెంట్ లోక్ అదాలత్‌లో వేద్దామంది. కోర్టు ఫీజు ఉండదట. రాజీ కుదరకపోయినా వాళ్లే విచారించి తీర్పు చెప్పగలరట. అయితే ఒకసారి అక్కడికెళ్తే ఇదే గొడవ మీద ఇంకో కోర్టుకి వెళ్లలేమని, తీర్పు మీద అప్పీలు కూడా ఉండదని ముందే విడమర్చి చెప్పింది. డబ్బు తీసుకునే లాయర్లు ఇంత వివరంగా చెప్తారో లేదో నాకు తెలియదు, ఎప్పుడూ పెట్టుకోలేదు.

మొదటి వాయిదాకి కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. నేను కింద వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన ఇద్దరు మొగుడూ పెళ్లాలు, ఇద్దరూ చెవిటి మూగవాళ్లు. మనోవర్తి గొడవలా ఉంది. సైగల భాష తెలిసిన దుబాసీ ఎవరూ లేరు. పదేళ్ల కొడుకే మధ్యలో నిలబడి అమ్మ చేతులు చూసి లాయరుకి చెప్తున్నాడు. ఆమె నిమిషం పైనే చేతులు ఊపింది, వేళ్లతో ఏదో లెక్కపెట్టింది, గుండెల మీద కొట్టుకుంది. పిల్లాడు "అమ్మకి కోపంగా ఉంది" అన్నాడు, అంతే. ఆమె వాడి పెదాలు చూస్తూనే ఉంది. తను అంత చెప్తే వీడు రెండు ముక్కల్లో తేల్చేశాడని తెలిసిపోయింది. వాడి భుజం మీద చరిచి, మొదటి వేలు నుంచి మళ్లీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వాడు గోడ వైపు తిరిగాడు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, అక్కడా సెక్షన్ 12లోనే, వికలాంగులు తమకి వచ్చిన భాషలో, తమకి చేతనైన పద్ధతిలో సాక్ష్యం చెప్పుకునే ఏర్పాట్లు ప్రభుత్వం చెయ్యాలని ఉందట. లాయరమ్మ ఫోన్‌లో తీసి చూపించింది. ఆ పిల్లాడు మాత్రం అమ్మానాన్నల కాపురాన్ని తన నోటితోనే చెప్పాల్సొచ్చింది.

రెండో వాయిదాకి కంపెనీ లాయరు వచ్చాడు. నేను పైకి రాలేనని మా లాయరమ్మ కాగితం పంపింది. కాసేపటికి అటెండరు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చి పోర్టికోలో వేశాడు. చైర్మన్ గారు, ఇద్దరు సభ్యులు ఫైలు పట్టుకుని కిందికి దిగొచ్చారు. "కూర్చోండమ్మా, లేవకండి" అన్నారు. చుట్టూ జనం మూగారు, ఒకతను ఫోన్‌లో వీడియో కూడా తీశాడు.

ఇక్కడ నా మనసులో మాట దాచుకోకుండా రాస్తాను. ఆయన పెద్దమనసుకి దణ్ణం. కానీ అంతమంది ముందు నా బాత్రూము సంగతి, నా కాలు సంగతి చెప్పుకోవడం నాకు నచ్చలేదు. మిగతావాళ్ల కేసులు పైన గదిలో తలుపేసుకుని విన్నారు. లిఫ్టు పనిచేస్తే నేనూ అందరిలాగే పైకెళ్లి కూర్చునేదాన్ని, ఆయనకి దిగే శ్రమ ఉండేది కాదు.

కేసు మాత్రం అక్కడే తిరిగింది. పాలసీ తీసుకునేటప్పుడు నేను నింపిన ప్రపోజల్ ఫారం తెమ్మని మా లాయరమ్మ ముందే నోటీసులో అడిగింది. కంపెనీ లాయరు తెచ్చిన కాపీలోనే, మూడో పేజీలో, "శారీరక వైకల్యం ఉందా" అన్నచోట "ఉంది" మీద టిక్కు! ఆ పిల్ల దాని మీద వేలు పెట్టి, ఏమీ మాట్లాడకుండా చైర్మన్ గారి వైపు తిప్పింది. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చూసి, కంపెనీ లాయర్ని అడిగారు, "ఇంకేం దాచింది సార్ ఈవిడ?" అని. తర్వాతి వాయిదాకి 62,000కి రాజీకొచ్చారు. మొత్తం కోసం పట్టుబడదామా అని లాయరమ్మ అడిగింది. వద్దన్నాను, పండగ సీజను కుట్టుపని పోతుంది. నెలలోపు బ్యాంకులో పడ్డాయి. నాకైన ఖర్చు జిరాక్సులు, పెట్రోలు. గేటు బయట ఒకాయన మాత్రం అర్జీ రాసిపెడతానని 500 అడిగాడు. ఇవ్వకండి, తెల్లకాగితం మీద తెలుగులో రాసినా తీసుకుంటారు.

లోపలికెళ్లే దారిలో ర్యాంపు ఉంది. ఉందని చెప్పుకోవడానికి ఉంది. దాని మీద రెండు పూలకుండీలు, ఒక బైకు. చివరి వాయిదా రోజు బైకు లేదు, నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. కొలిచాను. గడప ఎత్తు 18 అంగుళాలు, ర్యాంపు పొడవు 62 అంగుళాలు. అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు ఉండాలట, అంటే 18 అడుగులు. ఇది అందులో మూడో వంతు కూడా లేదు. దాని మీద దిగితే బరువంతా కాలిపర్ లాకు మీద పడి మనిషి ముందుకి తూలుతుంది. చంక కొలత అంగుళం తప్పితే నా కస్టమర్లు బ్లౌజు మొహాన కొడతారు.

ఇలాంటి కొలతలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చెయ్యమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పిందని లాయరమ్మ చెప్పింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలో ఉన్న నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రమట. స్కూటీ మీద గంట దూరం కూడా ఉండదు మా ఇంటికి.

రేటింగ్ అడుగుతారు కదా. ఫోన్‌కి నాలుగు, లాయరుకి ఐదు, భవనానికి ఒకటి. ఆ ఒకటి కూడా కుర్చీలు మోసిన అటెండరుకి.

ర్యాంపు మీదా, లిఫ్టు మీదా వికలాంగుల కమిషనర్‌కి అర్జీ పెట్టాను. నేను అంగుళాల్లో రాస్తే మా లాయరమ్మ పక్కనే సెంటీమీటర్లు కూడా రాసింది. రసీదు నా మిషన్ సొరుగులో, బాబిన్ల డబ్బా కింద ఉంది. జవాబు ఇంకా రాలేదు. వస్తే ఈ రివ్యూ మారుస్తాను.