లార్డ్ ఆఫ్ ది రింగ్స్: థియేటర్ వెర్షనా, ఎక్స్‌టెండెడ్ వెర్షనా, ఏది మేలు?

టోల్కీన్ నవలను ప్రాణంగా చూసుకునే పాఠకులు పీటర్ జాక్సన్ సినిమాల దగ్గరికి రాగానే, థియేటర్లో ఆడిన వెర్షన్ చూడాలా, తర్వాత డీవీడీ కోసం సన్నివేశాలు కలిపి పొడిగించిన ఎక్స్‌టెండెడ్ చూడాలా అని అడుగుతారు. "నవల ఇష్టమైతే ఎక్స్‌టెండెడే చూడు, నిడివి ఎక్కువ కాబట్టి నవల కూడా ఎక్కువే ఉంటుంది" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మొదటి రెండు సినిమాల వరకు ఆ మాట నిజమే. మూడోదాని విషయంలో కాదు. అక్కడ కొన్ని కీలకమైన చోట్ల నిడివి తక్కువున్న థియేటర్ వెర్షనే నవలకు దగ్గరగా నడుస్తుంది. (నవల చదవనివాళ్లకు ముందే చెప్పాలి: ఇక్కడినుంచి కథంతా బయటపడుతుంది.)

ముందు నిడివి సంగతి. 2001లో వచ్చిన ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్ థియేటర్లో 178 నిమిషాలు. 2002లో టూ టవర్స్ 179, 2003లో రిటర్న్ ఆఫ్ ది కింగ్ 201. ఎక్స్‌టెండెడ్‌లో మొదటిదానికి దాదాపు 30 నిమిషాలు, రెండోదానికి 44, మూడోదానికి 50 కలిశాయి. మూడూ కలిపితే థియేటర్ వెర్షన్ సుమారు 9 గంటల 20 నిమిషాలు, ఎక్స్‌టెండెడ్ 11 గంటల 20 నిమిషాలు. ప్లేయర్‌లోనో యాప్‌లోనో చూస్తే అంతకన్నా ఎక్కువ కనిపిస్తుంది: 3 గంటల 48 నిమిషాలు, 3 గంటల 55, 4 గంటల 23. కంగారు పడనక్కర్లేదు. ఎక్స్‌టెండెడ్ చివర్లో టైటిల్స్ తర్వాత అభిమాన సంఘం సభ్యుల పేర్లు వరసగా నడుస్తాయి. మొదటి సినిమాలో ఆ పేర్లకే 20 నిమిషాల దాకా పడుతుంది. ఏ వెర్షనో పేరులో రాయని చోట ఈ అంకెలే గుర్తు. 2 గంటల 58 అని ఉంటే అది థియేటర్ ఫెలోషిప్.

ఇంకో అపోహ కూడా ఉంది. చాలామంది ఎక్స్‌టెండెడ్‌ను "డైరెక్టర్స్ కట్" అంటారు. డీవీడీ పెట్టె మీద ఉన్నది "స్పెషల్ ఎక్స్‌టెండెడ్ ఎడిషన్" అని మాత్రమే. దర్శకుడి అసలు సినిమాను స్టూడియో నరికేసిందనీ, ఇది దాన్ని తిరిగి బతికించడమనీ అనుకుంటే పొరపాటు. మూడో సినిమాకు వచ్చిన 11 ఆస్కార్లూ థియేటర్ వెర్షన్‌కు వచ్చినవే. అలాగని ఎక్స్‌టెండెడ్‌ను మిగిలిపోయిన ముక్కల అతుకులబొంత అనడమూ అన్యాయం. కొత్త సన్నివేశాల కోసం హోవర్డ్ షోర్ సంగీతం మళ్లీ రాశాడు, అందుకే అతుకు చెవికి తెలియదు.

కాబట్టి కొత్తగా చేరిన ప్రతి సన్నివేశాన్నీ ఒకే ప్రశ్నతో తూచాలి. తెగిపోయిన ముడిని ఇది కడుతోందా, లేక తర్వాత విడాల్సిన ముడిని ముందే విప్పేస్తోందా? నవలలో ఉందా లేదా అన్నది దాని తర్వాతి మాట.

ఫెలోషిప్‌లో ఈ తూకం దాదాపు ఏకపక్షం. ఎల్ఫ్‌ల అడవి లోత్‌లోరియెన్‌లో దాని ఏలిక గలాడ్రియెల్ ఉంగరం మోసే జట్టుకు కానుకలిచ్చే ఘట్టం ఒక్కటి చాలు. థియేటర్ వెర్షన్‌లో కానుక అందుకునేది సౌరాన్ ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్తున్న హాబిట్ (పొట్టి మనిషి) ఫ్రోడో ఒక్కడే, వెలుగునిచ్చే చిన్న సీసా. ఎక్స్‌టెండెడ్‌లో అందరికీ అందుతాయి: ఒంటి మీదికి బూడిదరంగు దుప్పట్లు, దారి బత్తెంగా లెంబాస్ రొట్టె, ఎల్ఫ్ లెగొలాస్‌కు విల్లు, హాబిట్‌లు మెర్రీ పిప్పిన్‌లకు బాకులు, ఫ్రోడో తోడు శామ్‌కు తాడు. ఇవన్నీ తర్వాతి రెండు సినిమాల్లో పనికొచ్చే వస్తువులే. శత్రు సైనికులైన ఓర్క్‌లు ఎత్తుకుపోతున్నప్పుడు పిప్పిన్ జారవిడిచేది ఆ దుప్పటి పిన్నునే. సౌరాన్ రాజ్యమైన మోర్డోర్ ద్వారం ముందు ఫ్రోడోనూ శామ్‌నూ రాయిలా కనిపించేట్టు కప్పేసేది ఆ దుప్పటే. మెడకు చుట్టగానే, ఉంగరం వెనకే పడే గొల్లుమ్‌ను కాల్చినంత బాధపెట్టేది ఆ తాడే. థియేటర్ వెర్షన్ మాత్రమే చూసినవాడికి ఇవి ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఉంటాయి.

శామ్ తాడు గురించి ఇంకొంచెం చెప్పాలి. నవలలో శామ్‌కు గలాడ్రియెల్ ఇచ్చేది తన తోటలోని మట్టి నింపిన చిన్న పెట్టె, అందులో ఒక మాలోర్న్ విత్తనం. తాళ్లు పడవల్లో ఉంటాయి. యుద్ధం ముగిశాక దుండగులు పాడుచేసిన హాబిట్‌ల సీమ షైర్‌ను శామ్ ఆ మట్టితోనే మళ్లీ పచ్చగా చేస్తాడు. సినిమాలు ఆ భాగాన్ని వదిలేశాయి, కాబట్టి మట్టిపెట్టెకు పని లేదు. పని ఉన్న వస్తువును చేతిలో పెట్టారు. నవలాభిమానికి ఇది గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. కానీ మార్పు వెనక లెక్క సరైనదే. టూ టవర్స్ ఎక్స్‌టెండెడ్ మొదట్లో ఆ తాడుతోనే ఇద్దరూ కొండ దిగుతారు, కింద నిలబడి లాగితే ముడి దానంతటదే ఊడి వస్తుంది. అది నవలలోదే.

గిమ్లీ సంగతీ అంతే. ఎల్ఫ్‌లంటే గిట్టని మరుగుజ్జు, గలాడ్రియెల్ తలలోంచి ఒక్క వెంట్రుక అడిగితే ఆమె మూడు ఇస్తుంది. పడవలో ఆ సంగతి అతను లెగొలాస్‌కు చెప్పుకుంటాడు. తర్వాతి సినిమాల్లో వాళ్లిద్దరి స్నేహానికి వేరు ఇక్కడుంది. థియేటర్ వెర్షన్‌లో ఆ స్నేహం వేరు లేకుండా మొలుస్తుంది. ఎక్స్‌టెండెడ్‌కు నష్టం ఏదైనా ఉంటే అది మొదట్లోనే: హాబిట్‌ల జీవితం గురించి బిల్బో రాసుకునే భాగం నడకను కాస్త నెమ్మది చేస్తుంది. నవల ఎరిగినవాళ్లకు అది విందు, ఎరగనివాళ్లకు ఆలస్యం.

టూ టవర్స్‌కు వస్తే గొడవంతా గోండోర్ రాజ్యపాలకుడి చిన్నకొడుకు ఫారమిర్ దగ్గరుంది. నవల చదివినవాళ్లు ఈ సినిమా మీద కోపగించుకునేది ముఖ్యంగా ఇతనివల్లే. నవలలో ఫారమిర్, ఆ ఉంగరం దారిలో పడి ఉన్నా తాను తీసుకోనని చెప్పే మనిషి. ఫ్రోడో జట్టులో ఉంటూ ఉంగరం లాక్కోబోయిన అన్న బోరోమిర్‌కు పూర్తి భిన్నం. సినిమాలో మాత్రం ఫ్రోడోను బంధించి గోండోర్ పాత నగరం ఆస్గిలియత్ దాకా ఈడ్చుకెళ్తాడు. థియేటర్ వెర్షన్‌లో దానికి కారణం కనపడదు. "గోండోర్ దళపతి ఫారమిర్ తన సత్తా చూపించే అవకాశం ఇది" అన్న అర్థంలో ఒక మాట అంటాడు. అది వట్టి దురాశలా వినిపిస్తుంది.

ఎక్స్‌టెండెడ్‌లో ఒక జ్ఞాపక ఘట్టం ఉంది. బోరోమిర్ ఆస్గిలియత్‌ను తిరిగి గెలుస్తాడు, అన్నదమ్ములు సంబరంలో ఉండగా తండ్రి డెనెథోర్ వస్తాడు. పెద్దకొడుకును ఆకాశానికెత్తి చిన్నవాణ్ణి అందరి ముందూ తీసిపారేస్తాడు. ఉంగరం తెమ్మని బోరోమిర్‌ను ఎల్ఫ్‌ల చోటైన రివెండెల్ పంపుతుంటే, తాను వెళ్తానంటాడు ఫారమిర్. అప్పుడు డెనెథోర్ ఎగతాళిగా అన్న మాటే ఆ "సత్తా" మాట. అంటే తర్వాత ఫ్రోడో ముందు ఫారమిర్ నోట వచ్చేది అతని మాట కాదు, గుండెలో దిగబడిపోయిన తండ్రి మాట. ఈ ఒక్క ఘట్టంతో అతని తప్పు అర్థమవుతుంది, చివరికి ఫ్రోడోను వదిలేయడం ఎంత పెద్ద పనో తెలుస్తుంది. మూడో సినిమాలో తండ్రీకొడుకుల మధ్య జరిగేదానికీ ఇదే పునాది. నవలలో ఈ ఘట్టం ఇలా లేదు. అయినా నవలకు చేసిన అన్యాయాన్ని చాలావరకు సరిదిద్దేది ఇదే.

అసలు ఫారమిర్‌ను ఎందుకు మార్చారంటే, ఒక చిక్కు చూడాలి. నవలలో టూ టవర్స్ సంపుటం షీలోబ్ సాలీడు దాడితో ముగుస్తుంది. సినిమా దాన్ని మూడో భాగానికి జరిపింది. దాంతో ఫ్రోడో దారిలో చివరి ఘట్టమే లేకుండా పోయి, ఆ ఖాళీలో ఆస్గిలియత్ వచ్చి కూర్చుంది. ఏ వెర్షన్‌లోనూ ఈ అతుకు పూర్తిగా మాయం కాదు.

మిగతావి త్వరగా: రోహాన్ యువరాజు థియోడ్రెడ్ అంత్యక్రియల్లో రాజు మేనకోడలు ఎయోవిన్ ప్రాచీన ఆంగ్లంలో పాడే శోకగీతం, హెల్మ్స్ డీప్ కోట నుంచి పారిపోయే ఓర్క్‌లను మింగేసే అడవి, మెర్రీ పిప్పిన్‌లను చెట్టు మింగబోతే నడిచే చెట్టులాంటి ట్రీబియర్డ్ ఆపే ఘట్టం. ఈ చివరిది నవలలో అడవి దగ్గరుండే వింతమనిషి టామ్ బాంబడిల్ చేసే పని. బాంబడిల్ రెండు వెర్షన్లలోనూ లేడు, ఆయన మాటలు మాత్రం ఇక్కడ మిగిలాయి. రెండో సినిమాకు ఎక్స్‌టెండెడ్ తప్ప వేరే ఆలోచన వద్దు.

ఇక రిటర్న్ ఆఫ్ ది కింగ్. పెలెన్నోర్ యుద్ధంలో గోండోర్ పని అయిపోయిందనుకునే వేళ నదిలో శత్రువుల నల్ల తెరచాపల ఓడలు కనిపిస్తాయి. నవలలో అక్కడ అందరి గుండెలూ జారిపోతాయి. అంతలో ముందు ఓడ మీద తెల్లచెట్టు, ఏడు నక్షత్రాలున్న, గోండోర్ సింహాసన వారసుడు ఆరగోర్న్ జెండా విచ్చుకుంటుంది. ఓడలు ఎలా చిక్కాయో లెగొలాస్, గిమ్లీ ఆ తర్వాత తీరిగ్గా చెబుతారు. థియేటర్ వెర్షన్ సరిగ్గా ఈ వరసనే పాటిస్తుంది. గుహలో ఆరగోర్న్ మాట తప్పి శాపం పాలైన ప్రేతాల సైన్యాన్ని, మృతసేనను, "మీ మాటేమిటి?" అని అడుగుతాడు, జవాబు వినపడకుండానే దృశ్యం ఆగిపోతుంది. ఓడలోంచి అతను దూకినప్పుడే మనకు జవాబు దొరుకుతుంది.

ఎక్స్‌టెండెడ్‌లో ఆ జవాబు ముందే వచ్చేస్తుంది. మృతరాజు యుద్ధానికి సరేనంటాడు, ఆరగోర్న్ ఒడ్డున నిలబడి ఓడల్ని అటకాయించే ఘట్టమూ చూపిస్తారు. ఇక ఓడలు రేవుకు చేరేటప్పుడు ఓర్క్‌లకు తప్ప ఇంకెవరికీ ఆశ్చర్యం ఉండదు. మొత్తం యుద్ధంలో అతిపెద్ద మలుపును రెండు నిమిషాల సరదా కోసం పోగొట్టుకున్నట్టే. (మృతసేనను గోండోర్ రాజధాని మినాస్ తిరిత్ దాకా తేవడం మాత్రం రెండు వెర్షన్ల తప్పూ. నవలలో ఆరగోర్న్ వాళ్లను పెలార్గిర్ రేవు దగ్గరే విడుదల చేస్తాడు, ఓడల్లో వచ్చేది బతికున్న మనుషులు.)

రెండో దెబ్బ మోర్డోర్ ద్వారం దగ్గర. సౌరాన్ దూత వచ్చి ఫ్రోడో తొడుక్కున్న మిత్రిల్ లోహపు చొక్కా విసిరి, అతను చచ్చాడన్నట్టు మాట్లాడతాడు. నవలలో ఇది భయంకరంగా పనిచేస్తుంది. ఎందుకంటే నవల ఆరు భాగాల్లో ఐదోదంతా పడమటి వాళ్ల కథే, ఫ్రోడో ఏమయ్యాడో పాఠకుడికీ తెలియదు. సినిమా రెండు కథల్నీ మార్చి మార్చి చూపిస్తుంది. ఫ్రోడో బతికే ఉన్నాడని ప్రేక్షకుడు అప్పటికే చూశాడు. అబద్ధమని తెలిసిన అబద్ధానికి ఎవరు వణుకుతారు? పైగా ఆరగోర్న్ ఆ దూత తల నరికేస్తాడు. నవలలో ఆరగోర్న్ కంటిచూపుకే వాడు వెనక్కి తగ్గి, దూతను ముట్టుకోరాదని మొత్తుకుంటాడు. రాజు కాబోయేవాడు రాయబారిని చంపడం ఆ పాత్రకే మచ్చ. సౌరాన్ సేనాని విచ్‌కింగ్, మాంత్రికుడు గాండాల్ఫ్ కర్రను విరిచేయడం కూడా ఇలాంటిదే. నవలలో వాళ్లిద్దరూ ద్వారం దగ్గర ఎదురుపడగానే కోడి కూస్తుంది, రోహాన్ బూరలు మోగుతాయి, ఎవరు గొప్పో తేలకుండానే విడిపోతారు. తేలకపోవడమే ఆ ఘట్టం బలం.

అయితే మూడో ఎక్స్‌టెండెడ్‌లో తీసిపారేయలేనివి రెండున్నాయి. ఒకటి దుష్ట మాంత్రికుడు సారుమాన్ ముగింపు. రెండు సినిమాల పాటు ప్రధాన శత్రువుగా ఉన్నవాణ్ణి థియేటర్ వెర్షన్ గోపురంలో ఉన్నాడని ఒక్క మాటతో వదిలేస్తుంది, ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ లీ ఒక్క క్షణం కూడా కనపడడు. పిప్పిన్‌కు నీళ్లలో దొరికే, దూరాలు చూపించే పలాంటిర్ గోళం ఎక్కడిదో కూడా తెలియదు. ఎక్స్‌టెండెడ్‌లో సేవకుడు వార్మ్‌టంగ్ సారుమాన్‌ను పొడుస్తాడు, లెగొలాస్ బాణం వార్మ్‌టంగ్‌ను కూలుస్తుంది, కిందపడ్డ సారుమాన్ దగ్గర్నుంచే గోళం జారుతుంది. నవలలో ఇదంతా షైర్‌లో జరుగుతుంది, బాణాలు హాబిట్‌లవి. చోటు మారినా చావుల వరస మారలేదు. రెండోది వైద్యశాలలో ఎయోవిన్, ఫారమిర్ దగ్గరయ్యే చిన్న ఘట్టం. అది లేకపోతే పట్టాభిషేకంలో వాళ్లిద్దరూ పక్కపక్కన ఎందుకు నిలబడ్డారో అర్థం కాదు.

కాబట్టి నవల చదివినవాళ్లు మొదటి రెండూ ఎక్స్‌టెండెడ్‌లో, మూడోది థియేటర్ వెర్షన్‌లో చూడటమే మేలు. థియేటర్ వెర్షన్ మొదలుపెట్టే ముందు ఎక్స్‌టెండెడ్ నుంచి సారుమాన్ ఘట్టం ఒక్కటే విడిగా చూసేస్తే చాలు, అది కథలో ఎలాగూ మొదట్లోదే. వైద్యశాల ఘట్టాన్ని మధ్యలో ఆపి చూస్తే యుద్ధం ఊపు పోతుంది, అది సినిమా ముగిశాకే. నవల చదవనివాళ్లకు మొదటిసారి మూడూ థియేటర్ వెర్షన్లే ఇవ్వండి. నాలుగు గంటలు చూపించి విసిగించిన స్నేహితుడు నవల జోలికి వెళ్లడు.

డిస్కులు కొనేవాళ్లకు: 2011 బ్లూరే సెట్‌లో ఎక్స్‌టెండెడ్ ఫెలోషిప్ బొమ్మ మీద ఆకుపచ్చ ఛాయ కమ్మి ఉంటుంది, మంచు కూడా తెల్లగా కనపడదు. 2020లో వచ్చిన 4కే సెట్‌లో రంగులు కొత్తగా దిద్దారు, రెండు వెర్షన్లూ అందులోనే ఉన్నాయి. పైన చెప్పినట్టు కలిపి చూడాలంటే అదే అనువైనది. ఎక్స్‌టెండెడ్ ప్రతి సినిమా రెండు డిస్కుల మీద ఉంటుంది. ఫెలోషిప్ మొదటి డిస్కు ఎల్రోండ్ సభలో తొమ్మిదిమంది జట్టు కట్టి, పిప్పిన్ "మనం ఎక్కడికి వెళ్తున్నాం?" అని అడగడంతో ఆగుతుంది. రాత్రికి ఆపాలనుకుంటే అక్కడ ఆపండి.