కండ పెరుగుతోందా? రోజూ బరువు చూడటం, వారానికోసారి చూడటం, టేపు: ఏది మేలు?

బరువులెత్తడం మొదలుపెట్టిన పది రోజులకే తూకం కిలోన్నర ఎక్కువ చూపిస్తే కొందరు అప్పుడే కండ పట్టిందని సంబరపడతారు. ఇంకొందరు కొవ్వెక్కిందని హడలిపోయి తిండి తగ్గించేస్తారు. నిజానికి అందులో చాలావరకు నీరే. అలవాటు లేని వ్యాయామానికి కండరాల పోగులు కాస్త దెబ్బతిని, వాపు వచ్చి, అక్కడ నీరు చేరుతుంది. పైగా కండరం తన ఇంధనమైన గ్లైకోజెన్‌ను మునుపటికన్నా ఎక్కువ దాచుకుంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ వెంట దాదాపు 3 గ్రాముల నీరుంటుంది. అంటే 200 గ్రాముల గ్లైకోజెన్ నిండితే తూకంలో 800 గ్రాములు కనబడతాయి. రెండుమూడు రోజులు పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే అంత బరువూ దిగిపోతుంది. అలా పోయింది కొవ్వూ కాదు, కండా కాదు.

ఉప్పెక్కువైన రాత్రి భోజనం, మలబద్ధకం, నెలసరికి ముందు రోజులు, వీటిలో ఏది తోడైనా తూకం కదులుతుంది. రోజుకు కిలో అటూ ఇటూ ఊగడం మామూలే.

మరి అసలు కండ ఎంత వేగంగా పెరుగుతుంది? తిండి, నిద్ర, సాధన అన్నీ కుదిరితే మొదటి ఏడాది మగవాళ్లకు నెలకు అరకిలో నుంచి కిలో వరకు, ఆడవాళ్లకు అందులో సుమారు సగం. ఆ తర్వాత ఏడాదికేడాది వేగం తగ్గుతూ పోతుంది. నెలకు కిలో అనుకున్నా రోజుకు 33 గ్రాములే. కిలో చొప్పున ఊగే తూకంలో ఈ 33 గ్రాముల జాడ పట్టాలి. పద్ధతి ఎంచుకోవడంలో చిక్కంతా ఇక్కడే.

వారానికోసారి చూడటం సులువు, మనసుకూ హాయి. కానీ చూసిన ఆ ఒక్కరోజు ఎలాంటిదన్నదాని మీదే ఫలితం ఆధారపడుతుంది. ఒక లెక్క చూడండి. మొదటి వారం వరసగా 70.2, 70.9, 70.4, 71.3, 70.6, 70.1, 70.3 కిలోలు. రెండో వారం 70.8, 70.3, 71.0, 70.5, 70.9, 71.2, 70.4. ప్రతివారం నాలుగో రోజే చూసుకునేవారికి బరువు 800 గ్రాములు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆరో రోజు చూసుకునేవారికి 1.1 కిలోలు పెరిగినట్టు కనిపిస్తుంది. మనిషి ఒక్కరే, తిండి ఒక్కటే! ఏడు రోజుల సగటు తీస్తే 70.54 నుంచి 70.73కు వచ్చింది. పెరిగింది 190 గ్రాములు. ఈ మూడింటిలో కాస్త నమ్మదగ్గ అంకె అదే.

అందుకే మా ఓటు రోజూ చూసి వారం సగటు తీసే పద్ధతికే. పొద్దున లేచి, ఒకటీ రెండూ ముగించుకుని, ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా తూకం ఎక్కాలి. యంత్రం గట్టి నేల మీద, ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. తివాచీ మీద పెడితే రీడింగ్ మారిపోతుంది. అంకె రాసిపెట్టి వదిలేయండి, ఆరోజు దాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. రెండు వారాల సగటులు కూడా తొందరపాటే, కనీసం నాలుగు కావాలి. నెలసరి వచ్చేవాళ్లు ఈ వారాన్ని గతవారంతో కాకుండా, పోయిన నెలసరి చక్రంలో ఇదే వారంతో పోల్చుకోవాలి.

అయితే సగటు బరువు కూడా సగమే చెబుతుంది. పెరిగింది కండో కొవ్వో దానికి తెలియదు. అక్కడ టేపు కావాలి. రెండు వారాలకోసారి పొద్దున్నే, మామూలుగా ఊపిరి వదిలాక, బొడ్డు దగ్గర నడుము చుట్టూ కొలవండి. టేపు చర్మాన్ని తాకాలి గానీ నొక్కకూడదు. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి. అర సెంటీమీటరు తేడాను పట్టించుకోవద్దు. చేతులు, తొడలు వ్యాయామానికి ముందే కొలవాలి. తర్వాత కొలిస్తే రక్తం నిండి ఉబ్బిన కండరం తప్పుడు అంకె ఇస్తుంది.

కొవ్వు శాతం చూపించే తూకాల మీద మాకు నమ్మకం తక్కువ. అవి కొవ్వును నేరుగా కొలవవు. ఒంట్లోకి సన్నని కరెంటు పంపి, దానికి ఎదురయ్యే నిరోధాన్ని బట్టి అంచనా కడతాయి. ఒంట్లో నీరు మారితే ఆ అంచనా కూడా మారిపోతుంది. ఎక్స్‌రేలతో ఒంట్లో కొవ్వు, కండ, ఎముక లెక్కగట్టే డెక్సా స్కాన్ ఇంతకన్నా చాలా మెరుగు. కానీ అదీ కండరంలో చేరిన నీటిని కొవ్వులేని బరువులోనే కలిపేస్తుంది, కాబట్టి నెలనెలా తీయించుకుంటే ఉపయోగం లేదు.

ఎత్తిన బరువు, రెప్స్ (ఒక్కో విడతలో ఎన్నిసార్లు ఎత్తారన్నది) రాసుకునే పుస్తకం మాత్రం తప్పకుండా ఉండాలి. కాకపోతే మొదటి ఒకటి రెండు నెలల్లో బలం పెరగడానికి ఎక్కువ కారణం నాడులు పని నేర్చుకోవడమే. అందులో కండ వాటా ఆ తర్వాతే ఎక్కువవుతుంది.

సగటు వారానికి 150 నుంచి 250 గ్రాములు పెరుగుతూ, నడుము కదలకుండా, ఎత్తే బరువు పెరుగుతుంటే ఏదీ మార్చొద్దు. నెలంతా వారానికి అరకిలో చొప్పున పెరిగి నడుము రెండు సెంటీమీటర్లకు మించి పెరిగితే రోజుకు 200 క్యాలరీలు తగ్గించండి. నెల గడిచినా సగటూ బలమూ ఏదీ కదలకపోతే 200 క్యాలరీలు కలపండి. ప్రోటీన్ ఒంటి బరువులో కిలోకు 1.6 గ్రాములు అందుతోందో లేదో కూడా చూసుకోండి. వ్యాయామం చేసేవాళ్లు బలం కోసం వాడే క్రియాటిన్ పొడి మొదలుపెడితే మొదటి రెండు వారాల్లో కిలో, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నీరు చేరవచ్చు. ఆ రెండు వారాలూ వదిలేసి, మూడో వారం సగటు నుంచి కొత్తగా లెక్క మొదలుపెట్టండి.