అబ్బే, నాలుగు మొండిగోడలే కదా అనుకున్నా

లీడ్స్‌కి వచ్చి ఆరేళ్లవుతున్నా నేను ఒక్క అబ్బే కూడా సరిగ్గా చూడలేదు. కిర్క్‌స్టాల్ అబ్బే మా ఇంటికి ఇరవై నిమిషాల నడక, ఆదివారం పొద్దున దాని చుట్టూ పరిగెత్తడం, ఎండొస్తే ఆ గడ్డి మీద పడుకోవడం, అంతే. పోయిన వేసవిలో అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. లండన్ అయిపోయింది, ఎడిన్‌బరో అయిపోయింది, ఇంకేం చూపించాలో తోచక ఓ శుక్రవారం రాత్రి "రేపు అబ్బేకి వెళ్దాం" అన్నా. "అబ్బే ఏంట్రా, వెళ్దామంటున్నావా, వద్దంటున్నావా?" అంది అమ్మ. మఠం అమ్మా, పాతకాలం క్రైస్తవ సన్యాసుల మఠం, ఇప్పుడు మొండిగోడలే ఉన్నాయి అని చెప్తే, "మొండిగోడలు చూడ్డానికి ఇంత దూరం రావాలా, కొండవీడు లేదూ" అని నవ్వింది.

అలా మొదలై మూడు శనివారాల్లో నాలుగు చూశాం. అన్నీ యార్క్‌షైర్‌లోవే, మా ఇంటి నుంచి కార్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ముందే చెప్తున్నా, ఎత్తైన కమానుల అందం గురించీ, సూర్యాస్తమయం ఫొటోల గురించీ కావాలంటే ఇది మీకు పనికిరాదు. మా నాన్న ఇరిగేషన్‌లో ఏఈగా చేరి డీఈగా రిటైరయ్యారు. ఆయనతో వెళ్తే ఏ మఠంలోనైనా ముందు చూసేది మరుగుదొడ్డి ఎక్కడ, దాంట్లోకి నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోయేవి అని. మొదటి రోజు విసుగొచ్చింది. మూడో రోజుకి నేనే ముందు పరిగెత్తి కాలువ వెతుకుతున్నా.

మొదట ఫౌంటెన్స్ అబ్బే. రిపన్ ఊరికి నాలుగు మైళ్లు. 1132లో యార్క్‌లోని సెయింట్ మేరీస్ మఠంలో నియమాలు మరీ సడలిపోయాయని గొడవపడి 13 మంది సన్యాసులు బయటికొచ్చేస్తే, ఆర్చిబిషప్ థర్‌స్టన్ వాళ్లకి స్కెల్ అనే చిన్న నది ఒడ్డున లోయలో ఇంత బీడు భూమి ఇచ్చాడు. ఆ బీడు భూమే తర్వాత గొర్రెల ఉన్నితో దేశంలో బాగా డబ్బున్న మఠాల్లో ఒకటైంది. పేదగా బతకాలని బయటికొచ్చినవాళ్లు కోటీశ్వరులయ్యారన్నమాట. ఉన్నిని ఇటలీ వ్యాపారులకి ముందస్తుగా అమ్మేసి అడ్వాన్సులు తీసుకునేవాళ్లట, ఆ ఏడాది గొర్రెలకి జబ్బు చేస్తే అప్పులపాలు. ఈ మాట వినగానే నాన్న "మన పత్తి రైతూ కమిషన్ కొట్టూ లెక్కే" అన్నారు.

లోపలికి వెళ్లగానే అందరూ చర్చి వైపు, హ్యూబీ టవర్ వైపు పోతారు, దాదాపు 160 అడుగుల టవర్, మఠం మూతపడ్డానికి కొద్దికాలం ముందే కట్టారు, పోండి తప్పులేదు. కానీ పడమటి వైపున్న సెల్లారియం అనే దాంట్లో మాత్రం కనీసం పావుగంట కూర్చోండి. 300 అడుగులకి పైగా పొడవున్న ఒకే హాలు, మధ్యలో వరసగా స్తంభాలు, ఒక్కో స్తంభం నుంచి రాతి పట్టీలు తాటిమట్టల్లా నాలుగు వైపులా విచ్చుకుని పైకప్పుని మోస్తుంటాయి. మిగతా మఠంలో చాలావరకు ఆకాశమే కప్పు, ఇది మాత్రం చెక్కుచెదరలేదు. ఒక పక్క సామాన్ల కొట్టు, ఇంకో పక్క లే బ్రదర్స్ భోజనశాల. లే బ్రదర్స్ అంటే సన్యాసులే గానీ, లాటిన్ చదువు లేనివాళ్లు, పొలాలూ గొర్రెలూ కట్టడాలూ అన్నీ చూసుకునేది వీళ్లే. జపతపాలు ఒకళ్లవి, చాకిరీ ఒకళ్లది. చర్చిలో కూడా వీళ్లకి వేరే భాగం. అమ్మ ఇదంతా విని ఏమీ అనలేదు, "ఊఁ" అంది, ఆ ఊఁకి చాలా అర్థాలున్నాయి.

నాన్న ఆ పాటికే కనపడలేదు. వెతికితే తూర్పు వైపు ఆస్పత్రి ఉన్న చోట నది ఒడ్డున వంగి చూస్తున్నారు. విషయమేంటంటే లోయ ఇరుకు, స్థలం చాల్లేదు, అందుకని 13వ శతాబ్దంలో నది మీదే పక్కపక్కన నాలుగు రాతి సొరంగాలు కట్టి, వాటి మీద ముసలివాళ్లూ జబ్బుపడ్డవాళ్లూ ఉండే పెద్ద ఆస్పత్రి హాలు లేపారు. హాలు పోయింది, కింద నది మాత్రం ఇంకా పారుతోంది. "నాలుగు ఖానాలు పెట్టాడ్రా! ఒకటే పెద్దది పెడితే బరువు ఆగదు, వరదొస్తే కొట్టుకుపోద్ది. ఎవడో గానీ తెలిసినవాడే." చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఇంకో ఇంజనీరు పనిని నాన్న మెచ్చుకోవడం అదే మొదటిసారి.

అక్కడి నుంచి కిందికి నడిస్తే అదే టికెట్ మీద స్టడ్లీ రాయల్ నీటి తోట. జాన్ ఐస్లబీ అని బ్రిటన్ ఆర్థికమంత్రి, 1720లో సౌత్ సీ షేర్ల కుంభకోణంలో ఇరుక్కుని పదవి పోయి ఇంటికొచ్చి, ఇదే స్కెల్ నదిని తిన్నగా కాలువలోకి మళ్లించి చంద్రవంక చెరువులూ అలుగులూ కట్టించుకున్నాడు. తర్వాత కొడుకు ఏకంగా మఠం శిథిలాలనే కొనేశాడు, తోట చివర చూపుకి అందంగా ఉంటుందని! 1986 నుంచి ఈ మొత్తానికీ యునెస్కో గుర్తింపు ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ప్రధాన విజిటర్ సెంటర్ కొండ మీద, మఠం లోయలో, దిగేటప్పుడు హాయే, ఎక్కేటప్పుడు దేవుడు కనపడతాడు. వెస్ట్ గేట్ వైపు నుంచి వెళ్తే దగ్గర.

రెండోది రీవో. రాయడానికి ఆర్.ఐ.ఇ.వి.ఏ.యు.ఎల్.ఎక్స్ అని ఎనిమిది అక్షరాలు, పలకడానికి రెండు. ఇది కూడా 1132దే, ఫ్రాన్సులోని క్లెర్వో నుంచి వచ్చిన సిస్టర్షియన్ శాఖ సన్యాసులు కట్టుకున్నది. చర్చి అంటే తూర్పు పడమరలుగా ఉండాలి కదా, ఇక్కడ లోయ వాలు ఒప్పుకోక దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిప్పేశారు. వాస్తు మాటొస్తే అమ్మ ఊరుకుంటుందా, "చూశావా, దేవుడికి కూడా స్థలాన్ని బట్టి సర్దుకోక తప్పలేదు, మీ నాన్న మన వంటింటి దగ్గర ఎంత గొడవ చేశాడు" అని పాత కేసు తిరగతోడింది.

రీవోకి నేను ఒకసారి ఒంటరిగా కూడా వెళ్లాలని చూశా, అమ్మావాళ్లు రాకముందు, ఆ కథ క్లుప్తంగా. హెల్మ్‌స్లీ దాకా బస్సు, అక్కడి నుంచి మూడు మైళ్లపైన పొలాల గట్ల మీద నడక, నడక అద్భుతం. తిరిగొచ్చి స్టాపులో అంటించిన టైం టేబుల్ నమ్ముకుని నిలబడితే అది పాత సీజన్‌ది, ఆఖరి బస్సు అరగంట క్రితమే పోయింది. టాక్సీకి పెట్టిన డబ్బుతో ఈ మఠాల్ని చూసుకునే సంస్థలో ఏడాది మెంబర్‌షిప్ వచ్చేది. ఏ బస్సో చెప్పను, మీరు మాత్రం ఫోన్లో ఆ రోజు టైమింగులు చూసుకునే బయల్దేరండి.

రీవో గొప్పకాలం ఏల్రెడ్ అనే ఆయన అబ్బాట్‌గా, అంటే మఠాధిపతిగా ఉన్న 1147 నుంచి 1167 దాకా. ఆయన దగ్గరే ఉన్న వాల్టర్ డేనియల్ అనే సన్యాసి రాసిన లెక్క ప్రకారం 140 మంది సన్యాసులు, 500 మంది లే బ్రదర్స్. "ఆరొందల నలభై మందికి నీళ్లు? మురుగు?" వెంటనే నాన్న ప్రశ్న. దానికి జవాబు ఊరి నైసర్గిక స్వరూపంలోనే ఉంది, పొరుగువాళ్లతో ఒప్పందాలు చేసుకుని రై నదిని కొద్దికొద్దిగా అవతలి గట్టు వైపుకి జరుపుకుంటూ పోయారు, భూమికి భూమీ వచ్చింది.

ఇక్కడి మ్యూజియం చిన్నదే, కానీ సీసం దిమ్మె కథ కోసం తప్పకుండా వెళ్లండి. ఈ మఠాలన్నీ ఎందుకిలా మోడువారాయంటే 8వ హెన్రీ రాజు. 1536లో ఏడాదికి 200 పౌన్లలోపు ఆదాయం ఉన్న చిన్న మఠాలు మూయించే చట్టం తెచ్చాడు, 1540 కల్లా పెద్దవీ చిన్నవీ అన్నీ ఖాళీ. రీవో 1538లో, ఫౌంటెన్స్ 1539లో. సన్యాసులకి చాలామందికి పింఛనిచ్చి పంపేశారు. నేను ఫిరంగులతో కూల్చారేమో అనుకునేవాణ్ణి, అంత అక్కర్లేదు, పైకప్పు మీద రేకుల్లా పరిచిన సీసం రాజుగారి ఖజానాకి కావాలి, దాన్ని ఒలిచేసి అక్కడికక్కడే కరిగించి దిమ్మెలు పోసి రాజముద్ర కొట్టారు. రీవోలో గోడ కూలి కొన్ని దిమ్మెలు దాని కింద పడిపోతే ఎవరూ పట్టుకెళ్లలేదు, 1920ల్లో తవ్వకాల్లో బయటపడ్డాయి. వాటిలోని సీసంతోనే యార్క్ మిన్‌స్టర్‌లో ఫైవ్ సిస్టర్స్ అనే కిటికీ అద్దాలకి మరమ్మతు చేశారు. ఒక చర్చి కప్పు నాలుగొందల ఏళ్ల తర్వాత ఇంకో చర్చి కిటికీ అయింది. కప్పు పోయిన గోడ సంగతి నాన్న చెప్పక్కర్లేకపోయినా చెప్పారు, పైన నీళ్లు దిగడం మొదలయ్యాక లోపల నింపిన రాళ్లూ సున్నం నాని ఉబ్బుతాయి, చలికి గడ్డకడతాయి, ఇక కూల్చడానికి మనిషెందుకు. రాళ్లేమో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లకి పట్టుకుపోయారు. ఫౌంటెన్స్ పక్కనున్న ఫౌంటెన్స్ హాల్ అనే పెద్ద భవంతి కూడా ఆ మఠం రాళ్లతో కట్టిందే.

విట్బీ గురించి ఎక్కువ రాయను. సముద్రం ఒడ్డున కొండ అంచు, గాలికి అమ్మ చున్నీ అక్కడే వదిలేసి రావాల్సొచ్చింది. 657లో హిల్డా అనే ఆమె మఠం పెట్టింది అక్కడే, కానీ మనకి కనపడే గోడలు చాలావరకు 13వ శతాబ్దానివీ ఆ తర్వాతవీ. 1914 డిసెంబరులో జర్మన్ యుద్ధనౌకలు ఊరి మీద గుండ్లు కురిపిస్తే పడమటి ముఖానికి దెబ్బ తగిలింది. కింద ఊర్లోంచి ఎక్కితే 199 మెట్లు. ఫొటోకి నంబర్ వన్, మఠం ఎలా నడిచిందో అర్థం కావడానికి మాత్రం ఇది చివర చూడండి.

మౌంట్ గ్రేస్ ప్రయరీ, ఇదీ మఠమే. నాలుగు లైన్లలో తేల్చేద్దామనుకున్న చోటు ఇది, చివరికి నాలుగు గంటలున్నాం. ఏ19 రోడ్డు నుంచి ఇలా తిరిగితే వచ్చేస్తుంది. 1398లో పెట్టింది, కార్తూసియన్ శాఖ వాళ్లది. వీళ్ల పద్ధతే వేరు, కలిసి ఉంటూ ఒంటరిగా ఉండడం. పెద్ద నలుచదరపు ముంగిలి, చుట్టూ వసారా, అమ్మ చూడగానే "మండువా లోగిలి" అంది. కానీ ఈ లోగిలి చుట్టూ గదులు కాదు, ఒక్కో సన్యాసికి ఒక్కో రెండంతస్తుల ఇల్లు! కింద చలిమంట గది, చదువుకునే గది, పడక, పైన మగ్గం, వెనక సొంత పెరడు, పెరటి చివర మరుగుదొడ్డి. చర్చి మాత్రం ఇంతే ఉంటుంది, ఎందుకంటే ప్రార్థన చాలావరకు గదిలోనే. మాంసం జీవితాంతం ముట్టరు. లోథియన్ బెల్ అనే ఇనుము వ్యాపారి ఈ ఎస్టేట్ కొని 20వ శతాబ్దం మొదట్లో ఒక ఇంటిని మళ్లీ పాతదానిలా కట్టించాడు, ఇప్పుడు సామాన్లతో సహా లోపలికెళ్లి చూడొచ్చు. అమ్మ పెరట్లో మొక్కలన్నీ వాసన చూసి ఒక్కో ఆకూ నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది.

ఆ ఇంటి వాకిలి పక్కన గోడలో చిన్న గూడు ఉంటుంది, తొందరపడితే చూడకుండా పోతారు. అన్నం పెట్టే గూడు. గోడ మందంలో సూటిగా కాకుండా ఎల్ ఆకారంలో మలుపు తిరిగి ఉంటుంది, పెట్టేవాడి మొహం తీసుకునేవాడికి, తీసుకునేవాడి మొహం పెట్టేవాడికి కనపడకూడదని. నేను చెప్తే నాన్న నమ్మలేదు. అమ్మని లోపల నిలబెట్టి, తను వసారా వైపు నుంచి చెయ్యి మోచేతి దాకా పెట్టి బత్తాయి ఉంచారు. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత గాజుల చప్పుడు. "వచ్చిందీ" అని లోపల్నుంచి అమ్మ గొంతు. "నేను కనపడ్డానా?" "చెయ్యి కూడా కనపళ్లేదు." నాన్న ఆ రాతి మలుపుని వేలితో కొలిచి చూసుకున్నారు.

ఇక నీళ్లు. వెనక కొండ మీద ఊటలకి రాతి గూళ్లు కట్టి, అక్కడి నుంచి సీసం గొట్టాల్లో ముంగిలి మధ్యలోని నీళ్ల టవరుకి, అక్కడి నుంచి ఇంటింటికీ కుళాయి. మిగులు నీళ్లు పెరటి చివర మరుగుదొడ్ల కింద కాలువలో పారుతూ అన్నీ కడుక్కుపోతాయి. "మా ఊళ్లో ఇంటింటికీ కుళాయి నేను ఉద్యోగంలో చేరాక వచ్చింది" అన్నారు నాన్న. అది గొప్పగా అన్నారా, దిగులుగా అన్నారా నాకు తెలియలేదు.

డబ్బుల విషయం. ఫౌంటెన్స్ నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది, రీవో, విట్బీ ఇంగ్లిష్ హెరిటేజ్ అనే ఇంకో సంస్థవి. మౌంట్ గ్రేస్ నేషనల్ ట్రస్ట్ సొంతం, నడిపేది ఇంగ్లిష్ హెరిటేజ్, కాబట్టి ట్రస్ట్ మెంబర్లు కూడా కార్డు తీసుకెళ్లండి. టికెట్ ధరలు సీజన్ని బట్టి మారుతుంటాయి, మూడు చోట్లకి మించి వెళ్లేట్టయితే మెంబర్‌షిప్ తీసుకోవడమే నయం. చలికాలంలో కొన్నింటిని వారాంతాల్లోనే తెరుస్తారు, చూసుకోండి. గడ్డి ఎప్పుడూ తడే, చెప్పులతో వెళ్లకండి, గొడుగు కంటే రెయిన్ జాకెట్ మేలు. పెరుగన్నం డబ్బా తీసుకెళ్లండి, గోడ నీడన కూర్చుని తింటే ఆ రుచే వేరు.

ఒక్కటే చూడగలిగితే మౌంట్ గ్రేస్, ఐదుకి ఐదు. రోజంతా ఉంటే ఫౌంటెన్స్, నాలుగున్నర, ఆ అర కొండెక్కినందుకు కట్. రీవో నాలుగు. విట్బీ మూడు, గాలి లేని రోజు వెళ్తే మారుస్తా. కిర్క్‌స్టాల్‌కి మార్కులు వెయ్యను, అది మా ఇల్లు లాంటిది. ఒకప్పుడు లీడ్స్‌కి పోయే రోడ్డు సరిగ్గా ఆ చర్చి మధ్యలోంచే పోయేదని మొన్ననే తెలిసింది, ఆరేళ్లుగా దాని చుట్టూ పరిగెడుతున్నా.

వచ్చే మేలో అమ్మానాన్న మళ్లీ వస్తున్నారు. ఈసారి రీవోలో నది పాత దారి ఎక్కడుందో గట్టు వెంట నడిచి చూడాలట నాన్నకి. బూట్లు కొని ఉంచమన్నారు, సైజు తొమ్మిది.