అలాస్కా ఓడలో ఇంటర్నెట్: ఎంత కొనాలి, ఎప్పుడు వాడాలి

అలాస్కా క్రూజ్‌కి వెళ్లొచ్చామని తెలియగానే తెలిసినవాళ్లు అడిగేవి రెండే. బాల్కనీ గది తీసుకోవాలా? మన తిండి దొరుకుతుందా? బాల్కనీ తీసుకోండి. పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకోండి, ఆ చలిలో వాళ్లు పై డెక్ మీద ఎక్కువసేపు నిలబడలేరు. తిండి సంగతి, మొదటి రాత్రే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌ని కలిసి మర్నాటికి అన్నం, పప్పు, ఒక కూర కావాలని చెప్పాలి. మాకు అలాగే వండించి పెట్టారు. నాన్న పచ్చిమిరపకాయలు కూడా అడిగి తెప్పించుకున్నారు. ఎవరూ ముందుగా అడగనిది, తీరా ఓడెక్కాక అందర్నీ టెన్షన్ పెట్టేది ఇంటర్నెట్. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను, ముఖ్యంగా అమ్మానాన్నల్ని ఇండియా నుంచి రప్పించి తీసుకెళ్లేవాళ్ల కోసం.

మేం సియాటిల్‌లో ఎక్కాం. జూనో, స్కాగ్వే, గ్లేసియర్ బే, కెచికాన్, చివర కెనడాలోని విక్టోరియా. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చారు. నాన్నకి పొద్దున్నే పేపరు చూడాలి. అమ్మకి హైదరాబాద్‌లో ఉన్న అక్క పిల్లల మొహాలు చూడాలి. ఈ రెండూ జరిగితే మిగతా రోజంతా ఇద్దరికీ ఫోన్ గుర్తే రాదు. ఇది బయల్దేరకముందే తెలుసు కాబట్టి మా ఏర్పాటంతా దాని చుట్టూనే చేసుకున్నాం.

ఓడలో నెట్ ఎందుకింత ఖరీదంటే, సముద్రంలో టవర్లు లేవు, వచ్చేదంతా ఉపగ్రహం నుంచే. కొన్నేళ్ల క్రితం దాకా ఆ ఉపగ్రహాలు చాలావరకు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండేవి. ఒక మాట పైకి వెళ్లి కిందికి దిగి, జవాబు మళ్లీ అలాగే రావడానికి అర సెకను దాటేది. పైగా అలాస్కా బాగా ఉత్తరాన ఉంది. అక్కణ్ణుంచి చూస్తే ఆ ఉపగ్రహాలు దక్షిణ దిక్కున చాలా కిందికి ఉంటాయి. ఓడ కొండల మధ్య సన్నటి నీటి దారిలోకి వెళ్తే కొండే అడ్డం వస్తుంది, నెట్ పోతుంది. 2022లో రాయల్ కరీబియన్ అనే క్రూజ్ కంపెనీ తన ఓడలకు స్టార్‌లింక్ అనే కొత్త రకం ఉపగ్రహ నెట్ పెడుతున్నట్టు ప్రకటించింది. తర్వాత కార్నివాల్, నార్వేజియన్ కూడా అదే దారి పట్టాయి. స్టార్‌లింక్ ఉపగ్రహాలు తిరిగేది సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే, అవి వేల సంఖ్యలో ఉంటాయి. వీడియో కాల్ ఓడలోంచి హాయిగా మాట్లాడగలగడం దీనివల్లే వచ్చింది. అయినా ఓడంతటికీ వచ్చే నెట్ ఒక్కటే. నాలుగు వేల మంది ఒక్కసారే వాడితే ఎంత మంచి ఉపగ్రహమైనా నెమ్మదిస్తుంది.

ఇక ప్యాకేజీలు. చాలా ఓడల్లో ఇప్పుడు ఎంబీల లెక్క లేదు, రోజుకి ఇంత, ఫోనుకి ఇంత అని తీసుకుంటారు. మామూలుగా ఒక ఫోనుకి రోజుకు 20 నుంచి 30 డాలర్లు. వారం ప్రయాణానికి ఒక్క ఫోనుకే 140 నుంచి 210 డాలర్ల దాకా అవుతుంది. నాన్న మనసులో రూపాయల్లోకి మార్చుకుని "ఏరా, ఇంటికి ఏడాదంతా నెట్ పెట్టించినా ఇంత కాదు కదా" అన్నారు. నిజమే. అదే ప్యాకేజీ ఓడెక్కాక కొంటే ఇంకా ఎక్కువవుతుంది, కాబట్టి కొనేదేదో ఇంట్లో ఉండగానే కంపెనీ వెబ్‌సైట్‌లో కొనేయాలి. మధ్యలో ధర తగ్గితే పాతది రద్దు చేసి కొత్తది తీసుకునే వీలు చాలా కంపెనీల్లో ఉంటుంది.

చవక ప్యాకేజీల్లో సోషల్ మీడియాకు, మెసేజ్‌లకు మాత్రమే పనికొచ్చేవి ఉంటాయి. వాటిలో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్లకపోవచ్చు. ఇది కొనేముందే చదివి చూసుకోండి, ఎందుకంటే మనవాళ్లకు కావలసింది కాలే. మధ్యస్థం ప్యాకేజీలో బ్రౌజింగ్, ఈమెయిల్, చాలాచోట్ల వాట్సాప్ కాల్ కూడా నడుస్తాయి. పైదానిలో సినిమాలు, ఆఫీసు మీటింగులు నడుస్తాయి. ఓడలో ఉండి ఆఫీసు పని చేయాల్సినవాళ్లకు తప్ప ఆ పైది అనవసరం. కొన్ని కంపెనీలు టికెట్‌తోపాటే కొన్ని నిమిషాలు ఇస్తాయి. అక్కడ లెక్క నిమిషాల్లో కాబట్టి పని అవగానే లాగౌట్ కొట్టాలి. ఫోన్ జేబులో పెట్టుకున్నంత మాత్రాన నిమిషాలు ఆగవు.

మేం తీసుకున్నది ఒక్క ఫోన్ ప్యాకేజీ. ఒకరు లాగౌట్ అయితే ఇంకొకరు అదే ఖాతాతో లాగిన్ అవొచ్చు. నలుగురం మార్చుకుంటూ వాడుకున్నాం. ట్రావెల్ రూటర్ పట్టుకెళ్లి అందరికీ పంచుదామనుకునేవాళ్లకు ఒక మాట: కొన్ని కంపెనీలు దాన్ని నిషేధించిన వస్తువుల జాబితాలో పెట్టాయి, సామాను తనిఖీలో తీసేసుకుంటాయి. ఐఫోన్ ఉన్నవాళ్లు ఓడ వైఫై సెట్టింగ్‌లో ప్రైవేట్ అడ్రస్ మారుతూ ఉండకుండా ఫిక్స్‌డ్ అని పెట్టుకోవాలి. లేకపోతే ఫోన్ మారిందనుకుని మళ్లీ మళ్లీ లాగిన్ అడుగుతుంది, పెద్దవాళ్లు కంగారుపడతారు.

అన్నిటికంటే నాకు నచ్చింది వేళల లెక్క. ఎండాకాలంలో అలాస్కా టైమ్‌కీ మన టైమ్‌కీ పదమూడున్నర గంటల తేడా. ఓడలో పొద్దున ఏడైతే హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు హోంవర్క్ అయిపోయి అన్నం తినే వేళ. ఓడలో ఆ సమయానికి సగం మంది నిద్రలోనే ఉంటారు, నెట్ ఖాళీగా ఉంటుంది. అమ్మ ఆరున్నరకే లేచి కాఫీ తెచ్చుకుని బాల్కనీ తలుపు దగ్గర కూర్చునేది. నెట్ రాని ఒక్క రోజు తప్ప కాల్ ఎప్పుడూ ఆగలేదు. అదే కాల్ రాత్రి భోజనాలయ్యాక చేద్దామంటే తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే షో నుంచి బయటికొచ్చిన జనమంతా ఫొటోలు పెడుతుంటారు. పైగా మన దగ్గర అప్పుడు పగటి పని వేళ, అక్క ఆఫీసులో ఉంటుంది. అలాస్కా ప్రయాణంలో పొద్దుటి వేళ మనవాళ్లకు దొరికిన వరం, దాన్ని వదులుకోకండి. ఓడ మళ్లీ సియాటిల్ టైమ్‌కి వస్తే తేడా పన్నెండున్నర అవుతుంది, అది చూసుకోవాలి.

గది ఎక్కడుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. గోడలన్నీ ఉక్కువి, వైఫై పెట్టెలు ఎక్కువగా గదుల బయట నడిచే వరండాలో ఉంటాయి. మా గదిలో వరండా వైపు తలుపు దగ్గర సిగ్నల్ బాగుంటే మంచం దగ్గర సగమే వచ్చేది. ఓడ మధ్యలో ఉండే పెద్ద హాల్లో, లైబ్రరీ మూలల్లో బాగా వస్తుంది. గది లోపల రాకపోతే రిసెప్షన్‌లో చెప్పండి, మనిషిని పంపి చూస్తారు. మాకు పక్క వరండాలో ఒక పెట్టె పనిచేయడం లేదని తేలింది, సరిచేయడానికి మాత్రం మర్నాటిదాకా పట్టింది. అన్ని రోజులకూ డబ్బు తీసుకున్నవాళ్లు ఒక రోజు నెట్ రానప్పుడు ఆ రోజు డబ్బు అడగకుండానే వెనక్కి ఇవ్వాలి. అడిగితేనే ఇచ్చారు.

ఎంబీల లెక్క లేనప్పుడు పొదుపు ఎందుకంటారేమో. వేగం కోసం. ఫోన్ మనకు తెలియకుండా వెనకాల లాగే డేటా వల్లే మనం చేసే కాల్ ముక్కలవుతుంది. ఐఫోన్‌లో 4కే వీడియో, సెకనుకు 60 ఫ్రేములతో తీస్తే నిమిషానికి సుమారు 400 ఎంబీ. 1080పీలో 30 ఫ్రేములతో తీస్తే 60 ఎంబీ. గ్లేసియర్ (మంచునది) దగ్గర పది నిమిషాలు తీసి, ఫొటో బ్యాకప్ ఆపకుండా ఓడ వైఫైకి కలిపితే నెట్ అంతా దానికే పోతుంది. సియాటిల్‌లో ఇంట్లోనే అందరి ఫోన్లలో ఫొటో బ్యాకప్, వాట్సాప్ బ్యాకప్, యాప్ అప్‌డేట్లు ఆపేశాను. ఆండ్రాయిడ్‌లో ఓడ వైఫైని మీటర్డ్ అని, ఐఫోన్‌లో లో డేటా మోడ్ అని పెడితే వెనకాల పనులు చాలావరకు ఆగుతాయి. వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి వెళ్లి వైఫైలో కూడా ఏదీ దానంతటదే దిగకుండా పెట్టాలి. నాన్న గ్రూపుల్లో తెల్లవారకముందే శుభోదయం పూలు, దేవుళ్ల బొమ్మలు, శతమానం భవతులు వరుసకట్టి ఉంటాయి. అవి దిగడం ఆపితేనే నాన్న పేపరు త్వరగా తెరుచుకుంది. ఈ-పేపర్ కూడా పేజీ పేజీ బొమ్మగా వస్తుంది కాబట్టి బరువే. మొదటి పేజీ, జిల్లా పేజీ మాత్రం తెరిచి, మిగతా వార్తలు మామూలు వెబ్‌సైట్‌లో చదువుకున్నారు.

అమ్మ సీరియల్ ఎపిసోడ్లు, పాత సినిమాలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టాం. డౌన్‌లోడ్ చేశాక ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒకసారి తెరిచి చూడాలి, కొన్ని యాప్‌లు నెట్ లేకపోతే దిగినదాన్ని కూడా ఆడనివ్వవు. గూగుల్ మ్యాప్స్‌లో జూనో, స్కాగ్వే, కెచికాన్, విక్టోరియా మ్యాపులు దించుకుంటే నెట్ లేకుండా జీపీఎస్‌తో దారి చూపిస్తుంది. పాస్‌పోర్టు, వీసా, ఇన్సూరెన్స్ కాగితాలు, మందుల చీటీ ఫోన్‌లోనే ఉండాలి, క్లౌడ్‌లో కాదు.

ఎక్కగానే అందరి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై మాత్రం తిరిగి ఆన్ చేయాలి. దీన్ని గట్టిగా చెప్తున్నాను. తీరం దాటాక ఓడ సొంత మొబైల్ నెట్‌వర్క్ వేస్తుంది, అది కూడా ఉపగ్రహం మీదే నడుస్తుంది. ఫోన్ దానికి తనంతట తానే తగులుకుంటుంది. చాలా రోమింగ్ ప్యాకుల్లో అది కలిసి ఉండదు, ఉన్నా ధర వేరు. మా భోజనం బల్ల దగ్గర పరిచయమైన ఒక గుజరాతీ పెద్దాయనకి రెండో రోజే బిల్లు హెచ్చరిక మెసేజ్ వచ్చింది. ఆయన ఏమీ వాడలేదు, ఫోన్ ఆన్‌లో ఉందంతే. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు.

ఇండియా సిమ్ ఉన్నవాళ్లకు ఇంకోటి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంటే బ్యాంకు ఓటీపీ మెసేజ్ రాకపోవచ్చు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటివి ఎక్కకముందే కట్టేయించండి. ఓడలో ఖర్చంతా గది ఖాతాలో పడుతుంది కాబట్టి అక్కడ ఓటీపీ అవసరం రాదు.

రేవుల్లో మన అమెరికా సిమ్ పనిచేస్తుంది, కానీ ఊరికీ ఊరికీ తేడా ఉంది. జూనో జనాభా సుమారు ముప్పై రెండు వేలు. 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రానివ్వడం లేదు, అయినా వేల మంది ఒకేసారి దిగుతారు. మధ్యాహ్నం సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా ఏదీ తెరుచుకోదు. మెండెన్‌హాల్ గ్లేసియర్ టికెట్లు, బస్సు వివరాలు ఫోన్‌లో ముందే స్క్రీన్‌షాట్ తీసుకుని దిగితే మంచిది. ఓడలు ఆగేచోటికి దగ్గర్లోనే, పార్కింగ్ భవనం పై అంతస్తులో ఊరి లైబ్రరీ ఉంది. ఉచిత వైఫై, కిటికీలోంచి ఓడలు కనిపిస్తాయి. అక్కడ ఓడ సిబ్బంది చాలామంది ఇళ్లకు ఫోన్ చేసుకుంటూ కనిపించారు. నెలల తరబడి పిల్లల్ని చూడనివాళ్లు. మనకు ఓడలో ప్యాకేజీ ఉంటే ఆ కుర్చీలు వాళ్లకే వదిలేయాలనిపించింది, వదిలేసి వచ్చాం.

స్కాగ్వే ఇంకా చిన్న ఊరు, వెయ్యి మందికి కాస్త పైన. పగలు నెట్ మీద ఆశ పెట్టుకోవద్దు. 1898 బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టిన వైట్ పాస్ రైలు ఎక్కాం. కొండపైన అది కెనడాలోకి దాటుతుంది. ప్లాన్‌లో కెనడా లేనివాళ్లు అక్కడ డేటా ఆపేసుకోవాలి. లోయలో సిగ్నల్ ఎటూ ఉండదు, వంతెనలు, జలపాతాలు చూడండి. డబ్బుకు పూర్తిగా న్యాయం చేసిన ప్రయాణం అదే. కెచికాన్‌లో వాన కురుస్తూనే ఉంది, నెట్ మాత్రం మూడు ఊళ్లలోకీ బాగుంది. క్రీక్ స్ట్రీట్ చెక్క వంతెనల మీద నుంచే అమ్మ అక్కకి ఫొటోలు పంపింది. విక్టోరియాకి ఓడ సాయంత్రం చేరి అర్ధరాత్రికి బయల్దేరుతుంది. కెనడా కలిసిన ప్లాన్ ఉంటే ఓడ వైఫైతో పనే లేదు.

గ్లేసియర్ బే వేరే, అది ఊరు కాదు, నేషనల్ పార్కు. పార్కు రేంజర్లు పొద్దున్నే ఓడెక్కి మైకులో వివరాలు చెప్తారు. రోజుకు రెండు క్రూజ్ ఓడలకే అనుమతి. మార్జరీ గ్లేసియర్ ముందు ఓడ ఆగి నెమ్మదిగా తిరుగుతుంది, మంచు విరిగి నీళ్లలో పడితే ఉరిమినట్టు వినిపిస్తుంది. మొబైల్ సిగ్నల్ లేదు. ఓడ వైఫై ఉంది కానీ అందరూ అప్పుడే వీడియో కాల్ చేస్తారు, ఎవరికీ సరిగా వెళ్లదు. మనవళ్లకి చూపించాలని నాన్నకి ఉంది. 1080పీలో అర నిమిషం వీడియో తీసి, మర్నాడు పొద్దున పంపాం. పిల్లలు అన్నం తింటూ చూశారు. ఆ పూట నలుగురి ఫోన్లలోనూ వైఫై ఆపేసి ఉంచడం ఈ ప్రయాణంలో మేం తీసుకున్న మంచి నిర్ణయం.

ఓడ యాప్ ముందే దించుకోండి. ప్యాకేజీ కొనకపోయినా ఓడ వైఫై మీద అది పనిచేస్తుంది. భోజనం వేళలు, షోలు, బిల్లు అన్నీ అందులోనే. కొన్ని కంపెనీల యాప్‌లో కుటుంబమంతా ఒకరికొకరు మెసేజ్ చేసుకోవచ్చు, కొన్నిటిలో దానికి కొద్దిగా డబ్బు తీసుకుంటారు. నాన్నకి అది అలవాటయ్యాక ఆయన్ని వెతకడానికి డెక్కులన్నీ తిరగాల్సిన పని తప్పింది.

ఇద్దరే వెళ్తే ఒక్క ఫోన్ ప్యాకేజీ చాలు. టీనేజీ పిల్లలుంటే రెండు తీసుకోండి, లేకపోతే లాగిన్ కోసం రోజూ గొడవే. చివరి రాత్రి యాప్‌లో బిల్లు తెరిచి నెట్ లైను ఒకటే ఉందో రెండున్నాయో చూసుకోండి. ఏదైనా తేడా ఉంటే ఆ రాత్రే రిసెప్షన్‌కి వెళ్లాలి, దిగే రోజు పొద్దున అక్కడ వరుస చాలా పొడుగ్గా ఉంటుంది.