థాయ్ ఇల్లు: టేకు స్తంభాల మీదా, కాంక్రీటు గోడల మధ్యా?

ఇల్లు పాత పద్ధతిలో స్తంభాల మీద చెక్కతో కట్టాలా, నేలమీద కాంక్రీటుతో కట్టాలా? థాయ్‌లాండ్‌లో సొంతిల్లు కట్టుకునేవాళ్లకు ఈ తర్జనభర్జన మామూలే.

ఖర్చు: పాత పద్ధతికి టేకు కావాలి. 1989లో అడవుల్లో చెట్లు నరకడాన్ని నిషేధించాక మంచి టేకంటే జేబుకు చిల్లే. సిమెంటు, ఇటుక ఎక్కడైనా దొరుకుతాయి, మేస్త్రీలకూ కొదవ లేదు.

వేడి: ఇందులో పాత ఇల్లే మేలు. వేడిగాలి పైకి లేచి ఎత్తైన ఏటవాలు కప్పు కింద చేరిపోతుంది. వసారా నేల గది నేలకంటే ఒక మెట్టు కిందికి ఉంటుంది. ఆ రెండు నేలల మధ్య సందులోంచి ఇంటి కింది గాలి పైకి వస్తుంది, గడప మీద కూర్చుంటే కాళ్లకు చల్లగా తగులుతుంది. కాంక్రీటు గోడ పగలంతా ఎండ తాగి రాత్రి కక్కుతుంది. ఇక ఏసీ, కరెంటు బిల్లు.

వరద: 2011 వరదల్లో, బ్యాంకాక్‌కు ఉత్తరాన ఉన్న అయుత్తయ వైపు నేలమీద కట్టిన ఇళ్ల కింది గదులు మునిగాయి. స్తంభాల ఇల్లు పనికొచ్చేది ఇలాంటప్పుడే.

శ్రమ: చెక్కను ఏటేటా కనిపెట్టుకుని ఉండాలి, అడుగేస్తే చప్పుడు. కానీ గోడలు పలకలుగా విప్పి తరలించొచ్చు. బ్యాంకాక్‌లో అమెరికన్ పట్టు వ్యాపారి జిమ్ థాంప్సన్ ఇల్లు అలా పాత ఇళ్లను తెచ్చి కూర్చిందే. కాంక్రీటును తరలించడమా? పగలగొట్టడమే.

నది ఒడ్డున విశాలమైన స్థలం, చెక్కపని తెలిసిన వడ్రంగి ఉంటే పాత పద్ధతే. బ్యాంకాక్ ఇరుకు సందులో, పక్కింటి గోడ ఆనుకుని ఉంటే కాంక్రీటు. వరద భయం ఉండి డబ్బు తక్కువైతే కింద కాంక్రీటు స్తంభాలు, పైన చెక్క గది. నా ఓటు దీనికే.